వాడు కట్టని పట్టీలు

మా వాడి పేరు పక్కన సుద్దముక్కతో ‘ఒకటిన్నర’ అని రాసి ఉండటం చూసేసరికి నాకు తల కొట్టేసినట్టయింది.

క్రెస్తెన్ తోటలో కాఫీ షెడ్డు గోడకి ఒక నల్లబల్ల ఉంటుంది. ముందురోజు ఎవరు ఎన్ని వరసల చెట్లకి పట్టీలు కట్టారో ఆయన తిరిగి చూసుకుని, పొద్దున తొమ్మిదిన్నరకి మేం కాఫీకి చేరేసరికి ఆ బల్ల మీద రాసి ఉంచుతాడు. ఇరవై రెండేళ్ళుగా ప్రతి సెప్టెంబరులోనూ దాని మీద అందరికన్నా పైన ఉండే పేరు నాది. తొమ్మిది వరసలకి తక్కువ ఎప్పుడూ లేదు. మా ఆస్గర్ పనిచేసేది మూడు గంటలే అనుకోండి, అయినా మూడు గంటల్లో నాలుగు వరసలు కాకపోతే ఆ మనిషిని డెన్మార్క్‌లో, అందులోనూ మా జట్లాండ్‌లో ఎవరూ పనివాడనరు.

“ఒకటిన్నరా! మా మనవరాల్ని పంపినా రెండు కడుతుంది” అంది నాతో పట్టీలు కట్టే రూత్, రొట్టె నములుతూ. చెడ్డ మనిషి కాదు, నోటి దురద, అంతే.

“పోనీలే, సైన్యంలో చెట్లకి పట్టీలు కట్టడం నేర్పరుగా” అన్నాడు క్రెస్తెన్.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆస్గర్ లోపలికి రాలేదు. కప్పుల్లో చెంచాలు తిప్పే చప్పుడు వాడు భరించలేడు. బయట చెక్కపలకల దొంతర మీద నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, చప్పుడు వినబడకుండా చెవులకి డిప్పలు తగిలించుకుని, మబ్బు పట్టిన ఆకాశం కింద ఒక్కడే కూర్చున్నాడు. నా పాతికేళ్ళ కొడుకు ముసలాడిలా కూర్చుని ఉన్నాడు.

పని చెప్పుకోడానికి సులువే. క్రిస్మస్‌కి జర్మనీ వెళ్ళే చెట్లవి. నవంబరులో కోత. అంతకుముందే ఒక్కొక్క చెట్టునీ కొలకర్రతో కొలిచి, చుట్టూ తిరిగి చూసి, తగిన రంగు పట్టీ కట్టాలి. నిండుగా ఉన్నదానికి ఎరుపు, ఓ మాదిరిదానికి పసుపు, ఒకవైపు బోసిపోయినదానికి నీలం. ఎవరి వరసలు వాళ్ళవి, మొదట్లో పేరు రాసిన కర్ర పాతి ఉంటుంది. చప్పుడు లేని పని కాబట్టే ఆస్గర్‌ని అందులో పెట్టమని నేను క్రెస్తెన్‌ని అడిగాను.

వాడు సరదాకి వచ్చింది కాదు. మున్సిపాలిటీ వాళ్ళు పంపారు, ఇక్కడ పింఛన్లు తేల్చేది వాళ్ళే. నాలుగేళ్ళ కిందట సైన్యంతో అఫ్ఘనిస్తాన్ వెళ్ళినప్పుడు హెల్మండ్‌లో వాడు కూర్చున్న బండి కింద రోడ్డు పేలింది. ముందు సీటు కుర్రాడికి కాలు పోయింది. మావాడికి గీత కూడా పడలేదు. ఆ సాయంత్రమే ఫోన్ చేసి “బానే ఉన్నానమ్మా, చెవుల్లో గుయ్యిమంటోంది, అంతే” అన్నాడు. తిరిగొస్తే ముంగిట్లో జెండా ఎగరేసి కేకు కోశాం. ఆ చలికాలం మొదలైంది తలనొప్పి, ఇంతవరకు ఒక్కరోజు వదల్లేదు. కుడికంటి వెనక ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతూనే ఉంటారంటాడు. ఫోటోలు తీస్తే ఏమీ కనబడదు. పేలుడికి మెదడు అదిరిపోయిందని ఒక డాక్టరంటే, అయితే ఈపాటికి తగ్గాలే అని ఇంకో డాక్టరు. చివరికి ఏడు వారాలు, రోజుకి మూడు గంటలు పనిచేయించి, ఎంత చేయగలడో చూసి, పింఛను ఇవ్వాలో ఉద్యోగానికి తోలాలో తేలుస్తామన్నారు. అంటే, వాడు చేయలేడన్నది ఉన్నదున్నట్టు కనబడితేనే వాడికి మేలు. అది నాకు తెలుసు. తెలిసీ చేశాను.

ఆ మధ్యాహ్నం పన్నెండింటికి వాళ్ళ నాన్న విగ్గో వచ్చి వాణ్ణి ఇంటికి తీసుకుపోయాడు. నేను నా వరసల్లోకి వెళ్తూ వెళ్తూ వాడి వరసల్లోకి తొంగిచూశాను. రెండో వరస సగంలో ఆగిపోయి ఉంది. ఆ సగం పూర్తిచేస్తే పోలా, రెండవుతాయి, రూత్ నోరు మూతపడుతుంది అనుకున్నాను. అరగంట పని. ఇటూ అటూ చూసి కట్టేశాను.

మర్నాడు బల్ల మీద ‘రెండు’. ఎవరూ ఏమీ అనలేదు. నాకు కాఫీ రుచిగా అనిపించింది.

ఆ తర్వాత రోజు మూడు చేశాను. వారం తిరిగేసరికి నాలుగు. ఒళ్ళు దాచుకోవడం మా ఇంటా వంటా లేదు అని నాకు నేను చెప్పుకుంటూ, వంగిన నడుం ఎత్తకుండా కట్టాను. నా పేరు పక్కన తొమ్మిది కాస్తా ఆరయింది.

“ఏంటి ఇంగర్, వయసు మీద పడుతోందా?” అన్నాడు క్రెస్తెన్.

“మోకాళ్ళు” అన్నాను.

“తల్లి తగ్గింది, కొడుకు పెరిగాడు! బాగుంది లెక్క” అని నవ్వి, బయటికెళ్ళి వాడి భుజం తట్టాడు. “నీమీద తప్పుగా అనుకున్నానోయ్. శుక్రవారం కాగితంలో నాలుగని రాసి సంతకం పెడుతున్నా.” వాడు తలెత్తి నవ్వాడు. వాడు నవ్వి ఎన్నాళ్ళయిందో! ఆ నవ్వు చూశాక నన్ను ఆపడం ఎవరి తరమూ కాలేదు.

రెండోవారం మధ్యలో, పొద్దున పనిలోకి దిగుతూ వాడు తన కర్ర దగ్గర నిలబడిపోయాడు. చేతిలో చిన్న పుస్తకం. మతిమరుపు కూడా ఉండటంతో, ఏం చేసినా వెంటనే రాసుకోమని ఆసుపత్రిలో నేర్పారు.

“అమ్మా, నిన్న నేను ఎక్కడిదాకా వచ్చాను?”

“అదిగో, పట్టీలు కనబడటంలా?”

“కనబడుతున్నాయి. పుస్తకంలో ఒకటో వరస, రెండో దాంట్లో నలభై ఒకటో చెట్టు అని ఉంది. ఇక్కడ చూస్తే నాలుగు వరసలున్నాయి.”

అప్పుడు చెప్పాల్సింది. ఒక్క మాట. చుట్టుపక్కల ఎవరూ లేరు కూడా.

“తలనొప్పిలో ఏం రాసుకున్నావో ఏంటో” అన్నాను. “నువ్వు కాకపోతే ఎవరు కడతార్రా?”

వాడు నాలుగో వరస చివరిదాకా నడిచి వెళ్ళి, ఆఖరి చెట్టు పట్టీని వేళ్ళతో పట్టుకుని చూశాడు. తిరిగొచ్చి, జేబులోంచి పెన్సిలు తీసి పుస్తకంలో ఏదో దిద్దుకున్నాడు. “అవును, నేనే అయ్యుంటాను” అన్నాడు. నా బుద్ధి గడ్డి తిని, గండం గడిచిందనుకున్నాను.

అక్టోబరు చివర్లో మున్సిపాలిటీ ఆఫీసుకి పిలిచారు. తోడు ఒకరు రావచ్చు. ఎప్పుడూ నేనే వెళ్ళేదాన్ని. ఆస్గర్ కేసు చూసే బెనెడిక్ట మంచి పిల్ల, వాడి కోసం ముందే కిటికీ తెరలు దించి ఉంచింది. క్రెస్తెన్ సంతకం పెట్టిన ఏడు కాగితాలూ బల్లమీద పరిచింది.

“రోజుకి నాలుగు వరసలు. తోట యజమాని చాలా మెచ్చుకున్నారు. ఆస్గర్, మీకెలా అనిపించింది?”

“ఇంటికెళ్ళాక సాయంత్రందాకా చీకట్లో పడుకునేవాణ్ణండి. వాంతులు. శని, ఆదివారాలు లేచింది లేదు. కానీ...” వాడు నా వైపు చూసి, మళ్ళీ కాగితాల వైపు చూశాడు. “నాలుగు కట్టినట్టే ఉంది. నాకు గుర్తుండటం లేదు గానీ, కట్టాను.”

“పనిలో ఉన్నప్పుడు నొప్పి మీదికి ధ్యాస పోవడం లేదేమో” అంది ఆవిడ మెల్లగా. తర్వాత నన్ను అడిగింది. “అమ్మగారూ, మీరూ అక్కడే పనిచేస్తారు కదా. మీరేమైనా చెప్పాలనుకుంటున్నారా?”

గదిలో హీటరు టిక్కుమంటోంది. ఆస్గర్ కళ్ళు మూసుకుని, నేనేం చెబుతానా అని చెవి ఇటు పెట్టి కూర్చున్నాడు.

“వాడు చిన్నప్పట్నుంచీ కష్టజీవేనండీ” అన్నాను.

ఆవిడ అది రాసుకుంది.

రెండు వారాలకి ఉత్తరం వచ్చింది. పింఛను లేదు. వారానికి ఇరవై గంటలు పనిచేయగలడని తేల్చారు. విగ్గో చదివి మడిచి, అల్మరాలో పెట్టేశాడు. మా ఆయన రోజుకి పది మాటలాడితే ఆ రోజేదో పండగన్నమాట. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు, కానీ నోరు మాత్రం పెగల్లేదు. ఇప్పుడు చెబితే క్రెస్తెన్ సంతకం దొంగ సంతకమవుతుంది, నా మొహం ఊళ్ళో ఎత్తుకోలేను. ఇంతాచేసి నేను ఆలోచించింది నా మొహం గురించే.

ఉత్తరం చూసి ఏడుస్తాడనుకున్న కొడుకు మాత్రం ఏడవలేదు.

“ఆలోచిస్తే వాళ్ళన్నది నిజమేనేమోనమ్మా” అన్నాడు, వంటింటి గుమ్మంలో నిలబడి. “నాలుగు వరసలు, నాకే తెలీకుండా! నొప్పి ఉన్నా చేతులు ఆగలేదంటే, మరి నొప్పిని నేనే పెద్దది చేసుకుంటున్నానేమో. మాత్రలు సగం చేశా. క్రెస్తెన్ కోతకి రమ్మంటున్నాడు. వెళ్తా.”

“కోతకా? రంపాల మధ్యకా? వద్దురా!”

“ఎందుకొద్దు? నువ్వేగా అన్నావు, నేను కష్టజీవినని.”

బంగాళదుంపల తొక్క తీస్తున్న చాకు చేతిలోనే ఉండిపోయింది. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకుంటూనే ఉన్నాను. వాడు బూట్లు తుడుచుకోడానికి వెళ్ళిపోయాడు.

మూడోరోజు పొద్దున పదింటికి క్రెస్తెన్ ఫోన్ చేశాడు. “ఇంగర్, ఒకసారి రా.” అంతకుమించి చెప్పలేదు. నేను తోటలోకి వెళ్ళేసరికి ఒక్క రంపం కూడా మోగడంలేదు. చెట్లకి వల తొడిగే యంత్రాన్నీ ఆపేశారు. నవంబరులో ఆ తోట అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ ఎరగను. జనమంతా టోపీలు చేతుల్లో పట్టుకుని దూరంగా నిలబడ్డారు. మావాడు మంచు పట్టిన గడ్డిలో, ఇంకా కొయ్యని రెండు చెట్ల కిందికి దూరి, తల రెండు చేతుల్లో దాచుకుని పడున్నాడు. చొక్కా నిండా వాంతి. మూలుగుతున్నాడు. ఎవరు ముట్టుకున్నా కేక పెడుతున్నాడు.

“నేనే రమ్మన్నాను ఇంగర్” అన్నాడు క్రెస్తెన్. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, అంత లావు మనిషి. “నాలుగు వరసలవాడు కదా, తట్టుకుంటాడనుకున్నా.”

ఆయనకి కూడా నేను చెప్పలేదు.

మూడు రోజులు ఆస్గర్ గదిలోంచి రాలేదు. తెరలు దించి, తలుపు కింద సందులో తువ్వాలు కుక్కి ఉంచాను, వెలుతురు రాకుండా. నాలుగోరోజు మధ్యాహ్నం జావ తీసుకెళ్తే రెండు చెంచాలు తాగి, తలగడ కింద నుంచి ఆ చిన్న పుస్తకం తీసి నా చేతిలో పెట్టాడు.

“పొయ్యిలో పడెయ్యమ్మా.”

“ఎందుకురా? రాసుకోమన్నారుగా.”

“అన్నీ తప్పులే. రాసిన పది నిమిషాలకే తప్పవుతుంటే ఇంక దేనికి? నొప్పి ఉందంటే లేదని తేలింది. పోన్లే తట్టుకుంటానని వెళితే పడిపోయాను. రెంటికీ చెడ్డాను. నా బుర్ర ఏం చెప్పినా ఇంక నమ్మనమ్మా.”

తెర అంచున ఉన్న కాస్త వెలుతురులో పుస్తకం తెరిచాను. ‘సెప్టెంబరు 11. ఒకటో వరస పూర్తి. రెండో దాంట్లో 41 దాకా.’ దాన్ని అడ్డంగా కొట్టేసి, కింద ‘4’ అని వేశాడు. ‘సెప్టెంబరు 12. ఒక వరస, 28 చెట్లు. చాలా నొప్పి.’ అదీ కొట్టేసి ‘4’. పేజీ తిప్పితే పేజీ, అన్నీ అలాగే. మొదట్లో సన్నగా కొట్టేసినవాడు, పోనుపోను కాగితం చిరిగేలా కొట్టేశాడు. బాంబు వాడి తలకి చేసింది ఒకటైతే, నేను చేసింది ఇంకొకటి. ఆ బాంబు పెట్టినవాడెవడో మావాణ్ణి ఎరగడు. నేను కన్నతల్లిని.

“ఒరేయ్ ఆస్గర్” అన్నాను. “కొట్టేసినవే నిజం రా.”

వాడు తల ఇటు తిప్పాడు.

“మిగతావి నేను కట్టాను. నువ్వు ఇంటికొచ్చాక. రోజూ.”

“ఏడు వారాలూనా?”

“ఏడు వారాలూ.”

కొడతాడనుకున్నాను. కనీసం పొమ్మంటాడనుకున్నాను. మెల్లగా లేచి గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

“పదకొండో తారీకుది చదువు.”

చదివాను.

“నలభై ఒకటేనా?”

“నలభై ఒకటే. నలభై రెండో చెట్టు నుంచి నేను అందుకున్నాను.”

“పన్నెండు?”

“ఒక వరస, ఇరవై ఎనిమిది చెట్లు.”

“కరక్టేనా?”

“కరక్టేరా.”

అలా ఒక్కొక్క తారీకూ చదివించాడు. ఒక్కొక్కదానికీ ‘కరక్టే’ అనిపించుకున్నాడు. సగంలో వాడి భుజాలు ఎగిరెగిరి పడటం కనిపించింది. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో చీకట్లో తెలీలేదు. “అయితే నా బుర్ర చెడిపోలేదు” అంటున్నాడు. “నాకన్నీ గుర్తున్నాయి. నేను రాసిందంతా కరక్టే. అమ్మా, ఇంకోసారి చెప్పు, ఇరవై ఎనిమిదేగా?” వాడికి పట్టిన ఆ సంతోషం చూసి నేను చచ్చిపోయాను. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

క్రెస్తెన్ ఇంటికి వెళ్ళి ఆయనకీ చెప్పాను. “దానిమీద నేను సంతకం పెట్టాను కదా ఇంగర్” అన్నాడు. అంతే. మరుసటేడు నన్ను పనికి పిలవలేదు. బెనెడిక్టకి ఉత్తరం రాశాను. పింఛను కాదన్నాక మాట మార్చే కుటుంబాలు చాలా ఉంటాయని, అయినా పిలిపించి వింటామని జవాబొచ్చింది.

ఆ చలికాలమే, జనవరిలో, ఆఫీసుకి పిలిచారు. ఆ రోజు పొద్దున నేను కోటు తొడుక్కుని, ఏం చెప్పాలో మనసులో వల్లె వేసుకుంటూ గుమ్మంలో నిలబడ్డాను. ఆస్గర్ అద్దాలు పెట్టుకుంటూ వచ్చాడు.

“నువ్వొద్దమ్మా. నాన్న వస్తాడు.”

“మీ నాన్నకి మాట్లాడటం రాదు కదరా.”

“అందుకే” అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక కోటు విప్పడానికి కూడా తోచలేదు. కోటుతోనే ఇల్లంతా తుడిచాను. రెండున్నరకి కారు వచ్చింది. ఆస్గర్ నన్ను దాటుకుని, గోడ పట్టుకుని నడుస్తూ గదిలోకి పోయాడు. విగ్గో కుర్చీలో కూలబడి బూట్ల తాళ్ళు విప్పుకోవడం మొదలుపెట్టాడు.

“ఏమయ్యా, నమ్మారా?”

“పుస్తకం నకలు తీసుకున్నారు. కేసు మళ్ళీ తెరుస్తారట.”

“ఇంకేమన్నా అడిగారా?”

ఒక బూటు విప్పాడు. రెండోదీ విప్పాడు.

“తల్లి అలా ఎందుకు చేసిందని అడిగింది ఆ పిల్ల.”

“నువ్వేం చెప్పావు?”

“నన్ను కాదు. వాణ్ణి.”

“ఏమన్నాడు?”

విగ్గో తలెత్తి నన్ను చూశాడు. ఆ మాట నాకు చెప్పడం ఆయనకి ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది.

“‘మా అమ్మకి ఇద్దరు కొడుకులండీ. బాగైపోయినవాడొకడు, నేనొకణ్ణి. ఆ వరసలు వాడివి’ అన్నాడు.”

“కోపంగా అన్నాడా?”

“లేదు. మామూలుగానే.”

కాసేపటికి వాడి తలుపు నెమ్మదిగా తోసి లోపలికి వెళ్ళాను. గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

“ఎలా ఉందిరా?”

“నొప్పిగా ఉందమ్మా.”

తగ్గిపోతుందిలే అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. నాలుగేళ్ళుగా రోజూ అదే అంటున్నాను. మింగేసి, మంచం పక్కన నేల మీద కూర్చున్నాను.